లెక్కలోకి రానివాళ్ళు

ఏటికొప్పాక బొమ్మల ప్రస్తావన వస్తే చాలు, ఎవరో ఒకరు తప్పకుండా అనే మాట ఒకటుంది. "ఇప్పటి కుర్రాళ్ళెవరూ ఈ పనికి రావడం లేదండీ." మీరూ వినే ఉంటారు. చేనేత గురించీ, కుండల పని గురించీ, ఆఖరికి వ్యవసాయం గురించీ ఇదే మాట వింటాం. విని తలూపుతాం. అయ్యో పాపం అంటాం. ఇంకో విషయంలోకి వెళ్ళిపోతాం.

ఇవాళ వెళ్ళిపోకుండా ఆ మాట దగ్గరే కాసేపు కూర్చుందాం. అది నిజమో కాదో నేను తేల్చి చెప్పబోవడం లేదు. తేల్చాలంటే ఏం చెయ్యాలో మాత్రం మాట్లాడుకుందాం. సామాజిక శాస్త్రాల్లో పరిశోధన అంటే పెద్ద పెద్ద పుస్తకాలు గుర్తొస్తాయి గానీ, దాని పునాది చాలా చిన్న ప్రశ్న. మనుషుల గురించి ఎవరైనా ఒక మాట అన్నప్పుడు "నీకెలా తెలుసు?" అని అడగడం. జవాబు వచ్చేదాకా వదలకపోవడం.

"ఎలా తెలుసు?" అన్న ప్రశ్న వెంటే ఇంకో ప్రశ్న వస్తుంది. "ఎవరిని అడిగావు? ఎవరిని అడగలేదు?" ఇవాళ నేను చెప్పబోయేదంతా ఈ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. గుర్తుపెట్టుకోండి. ఎవరిని అడిగావు, ఎవరిని అడగలేదు.

ముందు ఊరి సంగతి. విశాఖపట్నం నుంచి తుని వైపు జాతీయ రహదారి మీద వెళుతుంటే అడ్డరోడ్డు వస్తుంది. అక్కణ్ణించి లోపలికి వెళితే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక. ఎస్. రాయవరం మండలం. మొన్నమొన్నటి దాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. 1933లోనే సహకార పద్ధతిలో చక్కెర ఫ్యాక్టరీ పెట్టుకున్న ఊరు. అయితే దేశమంతటా పేరు తెచ్చింది మాత్రం లక్క బొమ్మలే.

ఆ బొమ్మ ఎలా తయారవుతుందో ఒక్కసారి ఊహించుకోండి. అంకుడు కర్ర ముక్క. మెత్తటి కర్ర. దాన్ని లేతు మిషనుకు బిగిస్తారు. అది గిర్రున తిరుగుతుంటే ఉలి ఆనించి చెక్కుతారు. పొట్టు రేగుతుంది. చూస్తుండగానే బొంగరం మెడ తేలుతుంది, కుంకుమ భరిణె మూత తేలుతుంది. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీని, ఇంకా తిరుగుతూనే ఉన్న ఆ కర్రకు నొక్కిపెడతారు. రాపిడికి వేడి పుడుతుంది. ఆ వేడికి లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. ఆ పైన మొగలి ఆకుతో అదిమి రుద్దితే నున్నగా మెరుస్తుంది. పసుపు కొమ్ముల నుంచి పసుపు రంగు, జాఫ్రా గింజల నుంచి నారింజ రంగు. ఇలాంటి సహజ రంగులను మళ్ళీ వాడకంలోకి తేవడానికి ఏళ్ళ తరబడి పనిచేసిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, అంటే జిఐ వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద ఏటికొప్పాక బొమ్మల శకటం నడిచింది, మూడో బహుమతి కూడా తెచ్చుకుంది.

ఇంత పేరున్న పని. మరి కుర్రాళ్ళు రావడం లేదంటున్నారు. తెలుసుకోవాలంటే ఎలా?

మీ అమ్మాయి నర్సీపట్నంలోనో యలమంచిలిలోనో డిగ్రీ చదువుతోందనుకుందాం. ప్రాజెక్టు పని మీద ఏటికొప్పాక వెళ్ళింది. ముందుగా ఎవరు దొరుకుతారు? షాపుల్లో ఉన్నవాళ్ళు. కెమెరా ముందు మాట్లాడడం అలవాటైనవాళ్ళు. పత్రికలవాళ్ళు వచ్చినా, టీవీవాళ్ళు వచ్చినా మాట్లాడేది వాళ్ళే. ఒక ఇరవై మందిని అడిగింది. అందరూ ఒకే మాట చెప్పారు. ఇక రుజువైపోయినట్టేనా?

అన్నం ఉడికిందో లేదో చూడడానికి ఒక్క మెతుకు చాలని మన పెద్దవాళ్ళు అంటారు. నిజమే. కానీ గిన్నె సమంగా ఉడికితేనే ఆ మాట చెల్లుతుంది. అడుగు మాడి, పైన పలుకుగా ఉన్న గిన్నెలో ఏ మెతుకు పట్టుకున్నావన్నదే ముఖ్యం. ఊరు ఎప్పుడూ సమంగా ఉడకదు. సొంత లేతు ఉన్నవాళ్ళుంటారు. ఇంకొకరి దగ్గర కూలికి చేసేవాళ్ళుంటారు. అచ్చంగా ఆర్డర్ల మీద బతికేవాళ్ళుంటారు. వీళ్ళలో ఎదురుగా కనబడిన మెతుకునే పట్టుకుంటే, తెలిసేది ఆ మెతుకు సంగతే.

అందుకే పరిశోధకులు ముందుగా ఒక జాబితా తయారుచేసుకుంటారు. ఊళ్ళో ఈ పనితో సంబంధం ఉన్న ఇళ్ళన్నీ రాసుకుంటారు. ఆ పైన చీట్లు వేసినట్టు కొన్ని ఇళ్ళను తీస్తారు. ఎవరి ఇల్లు వస్తే ఆ ఇంటికే వెళ్ళాలి. ఎండ ఎక్కువగా ఉందనో, ఆ ఇంట్లోవాళ్ళు ముభావంగా ఉంటారనో మానెయ్యకూడదు. చీట్ల పద్ధతిలో ఉన్న గొప్పతనం అది. మన ఇష్టాయిష్టాలకు తావు ఉండదు. వెయ్యిమందిని అడిగామని గొప్పలు చెప్పుకునే సర్వేలు చూస్తుంటాం. ఆ వెయ్యిమందీ ఒక్క బజారులో దొరికినవాళ్ళే అయితే, చీట్లు వేసి తీసిన వందమంది మాటే నయం.

ఇక్కడ ఒక చిక్కుంది. జాబితా రాసుకున్నాం కదా, ఊళ్ళో ఈ పని చేస్తున్న ఇళ్ళని. మరి పని మానేసినవాళ్ళు? ఊరు విడిచి వెళ్ళినవాళ్ళు? వాళ్ళు ఆ జాబితాలో ఎలా ఉంటారు? కుర్రాళ్ళు ఎందుకు రావడం లేదని తెలుసుకోవడానికి వెళ్ళి, వచ్చి పనిచేస్తున్నవాళ్ళనే అడిగి తిరిగొచ్చాం. రానివాళ్ళను అడగనే లేదు. మళ్ళీ అదే ప్రశ్న. ఎవరిని అడిగావు, ఎవరిని అడగలేదు?

ఇదేదో విదేశాల నుంచి వచ్చిన కొత్త సంగతి అనుకోకండి. ఈ ఎస్. రాయవరం మండలానికే దీనితో పాత చుట్టరికం ఉంది. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టింది ఎస్. రాయవరంలోనే, మాతామహుల ఇంట్లో. ఆయన కన్యాశుల్కం నాటకం మనందరికీ తెలుసు. గిరీశం తెలుసు, మధురవాణి తెలుసు. కానీ 1897లో నాటకం మొదటిసారి అచ్చయినప్పుడు దానికి ఆయన ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. అందులో ఒక లెక్క ఉంది. ఆ లెక్కను అంతగా ఎవరూ తలుచుకోరు.

సంగతేమిటంటే, నాటకం అచ్చవడానికి ఓ పదేళ్ళ ముందు విజయనగరం మహారాజావారు ఒక జాబితా తయారుచేయించారు. విశాఖపట్నం జిల్లాలో, సామాన్య బ్రాహ్మణ కుటుంబాల్లో, మూడేళ్ళలో డబ్బు పుచ్చుకుని పిల్లనిచ్చిన పెళ్ళిళ్ళు ఎన్ని జరిగాయని. లెక్కకు వచ్చినవి 1034. ఏడాదికి సుమారు 344. ఆ పెళ్ళికూతుళ్ళలో అయిదేళ్ళ పిల్లలే 99 మంది. ఏడాది వయసున్నవాళ్ళు ముగ్గురు. మీరు సరిగ్గానే విన్నారు, ఏడాది పిల్లలు. ఒక్కొక్క పసిపాప ఖరీదు మూడువందల యాభై నుంచి నాలుగువందల రూపాయలు.

ఒళ్ళు జలదరించే లెక్క. కానీ ఇవాళ మనం చూడవలసింది ఆ లెక్క పక్కనే గురజాడవారు పెట్టిన ఇంకో మాట. ఈ జాబితా సంపూర్ణం కాదని ఆయనే చెప్పారు. డబ్బు పుచ్చుకున్నామని ఒప్పుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి కొందరు చెప్పి ఉండరని రాశారు. అయినా ఉన్నంతలో ఇది విలువైన పత్రమే అన్నారు.

ఈ ఒక్క మాటలో పరిశోధకుడి బుద్ధి అంతా కనిపిస్తుంది నాకు. తన వాదానికి బలమిచ్చే లెక్క చేతికి దొరికింది. సంఘ సంస్కరణ కోరే మనిషి. ఇదిగో చూడండి అని లెక్క చూపించి ఊరుకోవచ్చు. అలా ఊరుకోలేదు. ఈ లెక్కలో ఎవరు లేరో, ఎందుకు లేరో కూడా చెప్పారు. దానివల్ల లెక్క బలహీనపడిందా? ఆలోచించండి. సిగ్గుపడి దాచుకున్నవాళ్ళు జాబితాలో లేరు. అంటే అసలు సంఖ్య 1034 కంటే ఎక్కువే అయి ఉండాలి. తప్పు ఉంది, కానీ ఆ తప్పు ఎటువైపు ఒరుగుతోందో మనకు తెలుసు. తక్కువ వైపు. ఒరుగు తెలిశాక, ఆ లెక్కను ధైర్యంగా వాడుకోవచ్చు.

ఇది ఇంకోసారి చెబుతాను, ముఖ్యమైన సంగతి కాబట్టి. మనుషులు ఇచ్చే సమాచారం ఎప్పుడూ తిన్నగా నిలబడదు. సిగ్గో, భయమో, ఆశో దాన్ని ఒక పక్కకు లాగుతుంది. ఏ పక్కకు లాగుతోందో కనిపెట్టడమే పరిశోధకుడి పని.

ఆ జాబితా చెప్పలేని విషయం కూడా ఒకటి ఉంది. అవి శుల్కం పుచ్చుకున్న పెళ్ళిళ్ళు మాత్రమే. ఆ మూడేళ్ళలో అసలు మొత్తం ఎన్ని పెళ్ళిళ్ళు జరిగాయి? అది తెలియనిదే, నూటికి ఎన్ని ఇళ్ళలో ఈ దురాచారం ఉందో చెప్పలేం. చిన్నప్పుడు లెక్కల్లో భిన్నాలు చదువుకున్నాం కదా, పైన లవం, కింద హారం. మనకు లవం ఒక్కటే దొరికింది. పేపర్లో, టీవీలో, వాట్సాప్‌లో రోజూ శాతాలు వింటుంటాం. నాకు శాతాల మీద కోపం లేదు. హారం చెప్పకుండా తప్పించుకునే శాతాలంటేనే గిట్టదు.

ఇక ఆ లెక్క చెప్పలేని ఇంకో సంగతి, ఆ ఇళ్ళలో ఏం జరిగిందన్నది. తండ్రి ఎలా బేరమాడాడు, తల్లి ఎలా ఏడ్చింది, మధ్యలో ఎవరు ఎంత తిన్నారు? అది జాబితాలో దొరకదు. దానికి నాటకంలోని అగ్నిహోత్రావధాన్లు కావాలి, లుబ్ధావధాన్లు కావాలి. ఎంతమంది అన్న ప్రశ్నకు లెక్క, ఎలా జరిగిందన్న ప్రశ్నకు కథనం. రెండూ ఒకే పుస్తకంలో పెట్టిన మనిషి గురజాడ. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో అంకెల పరిశోధన గొప్పదా, మాటల పరిశోధన గొప్పదా అని వాదించుకుంటుంటారు. ఆ వాదనల దగ్గరకు వచ్చినప్పుడల్లా కన్యాశుల్కం పుస్తకం తీసి ముందుమాటా, నాటకమూ రెండూ చదువుకోమని చెప్పాలనిపిస్తుంది.

శుల్కం పుచ్చుకున్నవాళ్ళు తగ్గించి చెప్పారు. మరి ఎక్కువ చేసి చెప్పేవాళ్ళ సంగతి? దానికో కథ ఉంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కలు చదివి, కలకత్తా వెళ్ళి, ప్రపంచం మెచ్చిన గణాంక శాస్త్రవేత్త అయిన సి.ఆర్. రావుగారు తన పుస్తకంలో చెప్పిన కథ.

1947. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. ఢిల్లీలో అల్లర్లు. ప్రాణభయంతో ఎంతోమంది ఎర్రకోటలో తలదాచుకున్నారు. వాళ్ళకు తిండి పెట్టే బాధ్యత ప్రభుత్వానిది. సరుకులు పంపే పని కాంట్రాక్టర్లది. లోపల ఎంతమంది ఉన్నారో ఎవరికీ తెలియదు. లోపలికి వెళ్ళి తలలు లెక్కపెట్టే పరిస్థితి లేదు. కాంట్రాక్టర్లు ఎంత బిల్లు పెడితే అంత కట్టవలసి వస్తోంది. బిల్లులేమో కొండలా పెరుగుతున్నాయి. ఏం చెయ్యాలి?

గణాంక శాస్త్రవేత్తల్ని పిలిచారు. వాళ్ళు ఏం చేశారో చూడండి. కోటలోకి వెళ్ళలేదు. కాంట్రాక్టర్ల బిల్లులే అడిగి తీసుకున్నారు. రోజుకు బియ్యం ఎంత, పప్పు ఎంత, ఉప్పు ఎంత. మనిషి ఒక్కడు రోజుకు సుమారుగా ఎంత బియ్యం తింటాడో, ఎంత పప్పు తింటాడో, ఎంత ఉప్పు వాడతాడో వేరే సర్వేల వల్ల ముందే తెలుసు. కాబట్టి ఒక్కో సరుకునూ భాగించి చూశారు. మూడు సరుకులూ ఒకే జవాబు చెప్పాలి కదా? చెప్పలేదు. బియ్యం లెక్క ప్రకారం జనం చాలా ఎక్కువ. ఉప్పు లెక్క ప్రకారం బాగా తక్కువ.

ఎందుకు? బియ్యం ఖరీదైన సరుకు. బస్తాలు ఎక్కువ రాస్తే లాభం. ఉప్పు చవక. ఉప్పులో దొంగలెక్క రాసి ఎవడు బాగుపడతాడు? ఉప్పు దగ్గర అబద్ధమాడవలసిన అవసరమే లేదు. అందుకని ఉప్పు చెప్పిన సంఖ్యనే నమ్మారు. ఈ ఆలోచన జె.ఎం. సేన్‌గుప్తా అనే ఆయనది.

నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పుకున్నా తనివి తీరదు. అబద్ధాలాడేవాళ్ళ చేతుల్లోంచే నిజం రాబట్టారు. ఎక్కడ అబద్ధమాడే ఆశ లేదో అక్కడికి వెళ్ళి అడిగారు.

మన ఏటికొప్పాకకు దీన్ని తెచ్చుకుందాం. ఊళ్ళో బొమ్మల పని పెరుగుతోందా, తగ్గుతోందా? నేరుగా అడిగితే జవాబు ఒరుగుతుంది. అడిగే మనిషి జీపులో, పక్కన ఆఫీసరును పెట్టుకుని వచ్చాడనుకోండి. ఏదో పథకం వస్తోందనుకుంటారు. ఆదాయం తగ్గించి చెబుతారు. అదే పెద్ద షాపు కొనుగోలుదారు వచ్చి అడిగాడనుకోండి. ఎంత ఆర్డరైనా చేసిస్తామంటారు, పని బ్రహ్మాండంగా ఉందంటారు. ఇద్దరికీ చెప్పింది ఒక్క మనిషే. అబద్ధాలకోరని ఆయన్ని అనగలమా? మన ఇంటికి ఎవరో వచ్చి జీతమెంతని అడిగితే మనమూ అంతే.

మరి ఇక్కడ ఉప్పులాంటిది ఏది? లక్క కొనుగోలు కావచ్చు. లేతుల కరెంటు వాడకం కావచ్చు. ఊళ్ళోకి వచ్చే అంకుడు కర్ర మోపులు కావచ్చు. వీటి గురించి మాట్లాడేటప్పుడు ఎవరూ గొప్పలకు పోరు. అయితే వీటినీ గుడ్డిగా నమ్మకూడదు. కరెంటు మోటారు రాకముందు, వచ్చాక, ఒకే రకం లెక్క పనికిరాదు. కర్ర తక్కువ వస్తోందంటే పని తగ్గిందనీ చెప్పవచ్చు, అడవిలో అంకుడు చెట్టు తగ్గిందనీ చెప్పవచ్చు. రెండింటికీ తేడా తెలియాలంటే కర్ర తెచ్చే మనిషిని వేరే అడగాలి.

పాత లెక్కల్ని కొత్త లెక్కలతో పోల్చేటప్పుడు ఇంకో చిన్న జాగ్రత్త. 2011 జనాభా లెక్కల నాటి విశాఖపట్నం జిల్లా వేరు, ఇవాళ్టి విశాఖపట్నం జిల్లా వేరు. 2022లో అది మూడు ముక్కలైంది. జిల్లా మొత్తం మీద చేతివృత్తులవాళ్ళు తగ్గిపోయారని ఎవరైనా రాస్తే, తగ్గింది మనుషులో, జిల్లాయో ముందు కనుక్కోండి.

అసలు బొమ్మలు చేసేవాళ్ళంటే ఎవరు? ఇదో పెద్ద చిక్కు. సర్వేకు వెళ్ళిన అమ్మాయి ఒక ఇంటి గుమ్మంలో నిలబడిందనుకుందాం. లోపల భర్త లేతు మీద ఉన్నాడు. అరుగు మీద భార్య కూర్చుని, చిన్న చిన్న చక్రాలకు ఇరుసులు బిగిస్తోంది. పక్కన మొగలి ఆకుల కట్ట.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"ఏటీ నేదమ్మా. ఇంటికాడే ఉంటాను."

ఫారంలో ఏం రాయాలి? గృహిణి అని రాస్తే ఆమె మాట ప్రకారం సరిపోయింది. ఆమె చేతుల్ని చూస్తే సరిపోలేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. పని అంటే కూలి డబ్బులు చేతికొచ్చేదని ఆమె ఉద్దేశం. మన దేశంలో ఆడవాళ్ళ పని లెక్కల్లోకి రాకుండా పోవడానికి ఇదో పెద్ద కారణం. అందుకే ప్రశ్న మార్చాలి. "నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేశారో చెప్పండి" అని అడగాలి. అప్పుడు చక్రాలు వస్తాయి, ఇరుసులు వస్తాయి, మొగలి ఆకు వస్తుంది. అభిప్రాయం కంటే ముందు జరిగింది అడగాలి. "మీ అబ్బాయి ఈ పనిలోకి రావాలని ఉందా?" అని అడిగితే, మీ మొహం చూసి జవాబు చెబుతారు. "మీ అబ్బాయి ఇప్పుడు ఏం చేస్తున్నాడు? ఏ ఏడు మొదలుపెట్టాడు? దానికి ముందేం చేసేవాడు?" అని అడిగితే జరిగింది చెబుతారు.

కొన్ని సంగతులు అడిగితే తెలియవు. చూస్తేనే తెలుస్తాయి. దానికి అక్కడ ఉండాలి. ఎస్.సి. దూబే అనే మానవ శాస్త్రవేత్త 1951, 52 ప్రాంతాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో కలిసి హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను అలా చూశారు. 1955లో వచ్చిన ఆయన పుస్తకం ఇప్పటికీ చదువుతారు. పండక్కి ఎవరు ఎవరి ఇంటికి వెళతారు, ఎవరు గుమ్మం బయటే ఆగిపోతారు, ఇలాంటివి ఫారం నింపితే దొరికేవి కావు.

సరే. ఇప్పుడు కారణాల దగ్గరికి వద్దాం. అన్నిటికంటే జారుడు మెట్టు ఇదే.

2017లో జిఐ వచ్చింది. ఆ తర్వాత ఏటికొప్పాక బొమ్మలు ఎక్కువగా కనిపిస్తున్నాయనుకుందాం. జిఐ వల్లే అనవచ్చా? ఆ ఏళ్ళలోనే ఆన్‌లైన్‌లో కొనడం అందరికీ అలవాటైంది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఈ బొమ్మల గురించి చెప్పారు. మధ్యలో కరోనా వచ్చింది. ఆ తర్వాత ఢిల్లీ శకటం. ఇన్ని జరిగినప్పుడు ఒక్కదానికే కీర్తి కట్టబెడితే ఎలా? తర్వాత జరిగింది కదా అని దానివల్లే జరిగిందనుకోవడం మనందరికీ ఉన్న అలవాటే. పిల్లి ఎదురొచ్చింది, పని చెడిందంటాం. పిల్లి ఎదురొచ్చినా పని అయిన రోజుల్ని ఎవరు లెక్కపెట్టారు? అవీ లెక్కలోకి రానివే.

కారణం తేల్చాలంటే, ఆ కారణం లేకపోతే ఏం జరిగి ఉండేదో తెలియాలి. అది కంటికి కనిపించదు. కాబట్టి పోలిక వెతుక్కోవాలి. దీనికి హైదరాబాదులో జరిగిన ఒక అధ్యయనం చెబుతాను. సూక్ష్మరుణాలు ఆడవాళ్ళ బతుకుల్ని మార్చేస్తాయని ఒకప్పుడు ప్రపంచమంతా మోగిపోయింది. అప్పు తీసుకుని, కొట్టు పెట్టి, బాగుపడిన అక్క ఫొటో ప్రతి పుస్తకం అట్ట మీదా ఉండేది. ఆ అక్క కథ నిజమే. కానీ ఆమె చొరవ గల మనిషి కాబట్టే అప్పు తీసుకుందేమో? అప్పు లేకపోయినా ఏదో దారి చూసుకునేదేమో?

అందుకని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ దుఫ్లో, వాళ్ళ సహచరులు హైదరాబాదులో 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీ వేసినట్టు సగం బస్తీల్లో ముందుగా రుణ సంస్థ శాఖలు తెరిచారు. మిగతా సగంలో అప్పటికి తెరవలేదు. లాటరీ కాబట్టి రెండు రకాల బస్తీలూ మొదట్లో ఒకేలాంటివి. తర్వాత రెండింటినీ పోల్చారు. అప్పటికే వ్యాపారం ఉన్న కొందరు కొంత పెట్టుబడి పెంచుకున్నారు. పిల్లల చదువులోనూ, ఆరోగ్యంలోనూ, ఇంట్లో ఆడవాళ్ళ మాట చెల్లుబడిలోనూ చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. అప్పు చెడ్డదని తేలలేదు. మహత్తు మాత్రం లేదని తేలింది. ఈ పద్ధతిని విస్తరింపజేసినందుకు ఆ ఇద్దరికీ, మైఖేల్ క్రెమర్‌కూ 2019లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

లాటరీ పద్ధతి అన్నిటికీ కుదరదు, నిజమే. ఏటికొప్పాకకు సగం జిఐ ఇవ్వలేం. అయినా ఆ ఆలోచన పనికొస్తుంది. జిఐ వచ్చిన ఊరినీ, అలాంటిదే అయి జిఐ రాని ఊరినీ పక్కపక్కన పెట్టవచ్చు. ఏటికొప్పాకలోనే జిఐ పేరు మీద అమ్మేవాళ్ళనూ, ఆ ఊసే తెలియకుండా దళారీకి ఇచ్చేసేవాళ్ళనూ పోల్చవచ్చు. అన్నిటికంటే ముందు మనకు మనం ఒక ప్రశ్న వేసుకోవాలి. "ఏం కనిపిస్తే నా మాట తప్పని ఒప్పుకుంటాను?" దీనికి జవాబు లేకపోతే మనం చేసేది పరిశోధన కాదు, ప్రచారం.

ఇక ఆఖరి ఉదాహరణ. మన రాష్ట్రానిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీ, పింఛన్లు వేలిముద్ర వేసి తీసుకునే స్మార్ట్‌కార్డులు వచ్చాయి, గుర్తుందా? 2010 నుంచి 2012 దాకా కార్తీక్ మురళీధరన్, ఇంకో ఇద్దరు ఆర్థికవేత్తలు దీన్ని 157 మండలాల్లో లాటరీ పద్ధతిలోనే పరిశీలించారు. కార్డులు వచ్చిన చోట డబ్బు త్వరగా అందింది, మధ్యలో కారిపోవడం తగ్గింది. ఇందులో మనకు కావలసిన ముక్క ఇంకోటి ఉంది. ఈ పథకం బాగాలేదు, జనం ఇబ్బంది పడుతున్నారు అని పైవాళ్ళకు ఫిర్యాదులు వెళుతూనే ఉన్నాయి. ఒక దశలో రద్దు చేద్దామనే దాకా వెళ్ళింది. ఫిర్యాదు చేసేవాళ్ళ గొంతు పెద్దది. మధ్యలో కారే డబ్బు ఆగిపోతే నష్టపోయేవాళ్ళకు పైదాకా దారి తెలుసు. పింఛను టైముకు అందిన అవ్వ మాత్రం డబ్బు కొంగున ముడేసుకుని ఇంటికి వెళ్ళిపోతుంది. బాగుందని చెప్పడానికి ఏ ఆఫీసుకు వెళుతుంది? చీట్లు వేసినట్టు తీసిన ఇళ్ళకు వెళ్ళి అడిగినప్పుడు, కార్డులు అందుకున్నవాళ్ళలో అత్యధికులు కొత్త పద్ధతే నయమన్నారు. అడిగేదాకా ఆ మాట ఎక్కడా వినబడలేదు.

ఇక ఈ సెలవుల్లో ప్రాజెక్టు పని మీద ఏటికొప్పాక వెళ్ళబోయే పిల్లలకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఎవరింటికి వెళ్ళినా, ఎందుకు అడుగుతున్నారో ముందు చెప్పండి. జవాబివ్వడం ఇష్టం లేకపోతే మానెయ్యవచ్చని కూడా చెప్పండి. అప్పుల సంగతి అడిగితే, ఆ కాగితం మీద పేరు రాయకండి, నంబరు వెయ్యండి. అప్పిచ్చినవాడు ఆ వీధిలోనే ఉండవచ్చు. రాసిందంతా అయ్యాక మళ్ళీ వెళ్ళి వాళ్ళకే చదివి వినిపించండి. "ఇది ఇలా కాదు బాబూ" అని వాళ్ళు అంటే వాదించకండి, అదీ రాసుకోండి.

పని వదిలేసిన కుర్రాళ్ళను అడగకుండా మాత్రం రిపోర్టు రాయకండి. వాళ్ళ ఇళ్ళు ఊళ్ళోనే ఉంటాయి, అమ్మానాన్నల్ని అడిగితే ఎక్కడున్నారో చెబుతారు. కొందరు అచ్యుతాపురం కంపెనీల్లో ఉండవచ్చు, కొందరు విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉండవచ్చు. ఫోను నంబరు ఇస్తే ఫోను చెయ్యండి. షిఫ్టు దిగి వచ్చినవాణ్ణి గుమ్మంలోనే ప్రశ్నలతో పట్టుకోకండి, సగం జవాబులు చెప్పి లేచిపోతాడు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వెళ్ళండి. ఫారం వెంటనే బయటికి తియ్యకండి. కంపెనీలో ఏం పని, ఎన్నింటికి బస్సు వస్తుంది, రాత్రి షిఫ్టుకు ఎక్కువ ఇస్తారా, ఇలా మొదలుపెట్టండి. లేతు సంగతి అతనే ఎత్తుతాడేమో చూడండి. ఎత్తకపోతే, అది కూడా రాసుకోండి.